ఫ్యానులో మిరప దుమ్ము

ఖాదర్,

నలభై నిండకుండా నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున మన మిర్చి కోల్డ్ స్టోరేజీలో సర్వర్ మళ్ళీ మొరాయించింది. ఐదు నిమిషాలు నడుస్తుంది, ఆగిపోతుంది. హైదరాబాద్ ఇంజనీరు ఫోన్లోనే నాచేత నెట్‌వర్క్ సెట్టింగులన్నీ మార్పించాడు. లాభం లేకపోయింది. ఆయన ఏసీ గదిలో మిరపకాయలుండవు కదా.

నువ్వయితే "ముందు మూత తియ్యరా, ఫ్యాను చూడు" అనేవాడివి. తీశాను. రెక్కల నిండా ఎర్రగా మిరప దుమ్ము. ముక్కుకి తువ్వాలు కట్టుకుని బ్రష్షుతో దులిపాను. నువ్వున్నన్నాళ్ళూ ఆ పని నీదే. నువ్వు వరసగా తుమ్ముతుంటే నేను గుమ్మంలో నిలబడి, ప్రతి తుమ్ముకీ "నూరేళ్ళురా" అనేవాణ్ణి.

సర్వర్ లేచింది. ఆ గదిలో ఒక్కణ్ణే కూర్చుని చాలాసేపు తుమ్మాను.