పెలే

గురువారం రాత్రి, అరోరా

పక్షవాతం వచ్చాక నా దగ్గరికి వచ్చే నైజీరియా నాటకకర్త నోట, తాను రాసి నటించిన రాజు పాత్ర సంభాషణలు తప్ప మరో మాట రాలేదు. "నాన్న మాట్లాడుతున్నారా, నటిస్తున్నారా?" అని ఆయన కూతురు ఈ రోజు కూడా అడిగింది. స్పీచ్ థెరపిస్టుగా ఆయన చేత బొమ్మల పేర్లు చెప్పించడం నా పని.

బొమ్మల కార్డులు అందుకోబోతుంటే బల్ల అంచు మోకాలికి తగిలింది. "అయ్యో!" అన్నాను. ఆయన నా వైపు వంగి, "పెలే" అన్నారు.

"ఆంటీ, ఆ రాజు ఎవరికీ పెలే అనడు! ఎవరికైనా దెబ్బ తగిలితే మా యోరుబా భాషలో అనే మాట అది. ఇది నాన్నే!" అంటూ ఆ అమ్మాయి ఏడ్చేసింది.

ఇంటికి వచ్చాక అదే మోకాలు మంచానికి కొట్టుకుంది. "అయ్యో" అని, ఎవరైనా "పెలే" అంటారేమోనని తలుపు వైపు చూశాను.