మామిడి తోటలో కాసిన అనువాదాలు

జూలై, శుక్రవారం

కాలేజీ జీతం కాక అనువాదాలకు వచ్చిన డబ్బు మీద పన్ను ఎంతో తేల్చుకుందామని సాయంత్రం చిత్తూరులో ఆడిటర్ మునిరత్నం దగ్గరికి వెళ్లాను. లెక్క చూసి నవ్వాడు.

"ఇంత ఎందుకప్పా కట్టేది? బంగారుపాళ్యంలో మీ నాయన తోట నీ పేరుతోనే ఉండాది గదా. ఇదంతా మామిడికాయల ఆదాయమని వేసేస్తాను. వ్యవసాయానికి పన్ను లేదు."

నాకు మండింది. రెండేళ్లుగా కొనే దిక్కులేక ఆ తోటలో కాయలు కుప్పలుగా కుళ్లిపోయాయి. ఇలాంటి కాగితాలు చూపించే కదా, మామిడి రైతుకేం, బాగానే ఉన్నాడంటారు. కాంట్రాక్టర్లు ఆదాయాన్ని తోటల చాటున దాచుకుంటే నెలజీతం మీద బతికేవాడొక్కడే పన్ను పూర్తిగా కడుతున్నాడని ఎన్ని వ్యాసాలు రాశాను. అదే గట్టిగా అన్నాను.

అతను నొచ్చుకోలేదు. కంప్యూటర్ నా వైపు తిప్పాడు.

"పోయినేడు కూడా అట్లనే వేసినాను గదప్పా. ఫోన్ చేస్తే ఓటీపీ చెప్పింది నువ్వే. ఏం వేసినావని అడిగినావా?"

అడగలేదు. ఏదో వ్యాసం ముగించే తొందరలో అంకెలు చెప్పి ఫోన్ పెట్టేశాను. పన్ను తక్కువే పడిందని సంతోషించినట్టు కూడా గుర్తు.

పాతది సరిదిద్దాలంటే ఆ పన్నుతో పాటు వడ్డీ, పైన అదనం కూడా కట్టాలట. రెండేళ్లదీ సరిగ్గా వేయమని చెప్పి వచ్చాను. నా భార్య సుజాతకు స్కూటర్ కొనాలని ఇద్దరం దాచింది దానికే పోతుంది. తనకింకా చెప్పలేదు. డబ్బు పోయిందని ఏమీ అనదు. ఇన్నాళ్లూ ఎవరిని తిడుతూ రాసినావని అడిగితే...