జానెడు ఎత్తు

విజయనగరం,
22-9-1968, ఆదివారం.

ప్రియమిత్రుడు కృపానిధికి నరసింగరావు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను, తాయారు, పిల్లలు అందరమూ క్షేమం. టెక్కలిలో నీవును, మీ అక్క అన్నమ్మగారును క్షేమమని తలుస్తాను. నీ ఒళ్లు కుదుటపడిందని మీ అక్కగారు తాయారుకు రాసిన కార్డు వల్ల తెలిసి సంతోషించాము.

ఇంతవరకూ మర్యాద. ఇక మామూలుగా రాస్తాను.

నేను రాసిన రెండు కార్డులకూ నీ దగ్గర్నుంచి జవాబు లేదు. మీ అక్కగారి కార్డు చూస్తే సంగతి తెలిసింది. పొద్దస్తమానం మన కాలనీ ఎత్తులు రాసుకున్న ఆ లెవెల్ పుస్తకం ముందేసుకుని అంకెలు కూడుతున్నావట. అన్నం ముందు కూర్చుని కూడా వేళ్లు మడుస్తున్నావట. తప్పు ఎక్కడుందో దొరకడం లేదట. ఇక ఈ ఇంజనీరింగు నాకొద్దు, నౌపడలో ఉప్పు కొటార్ల దగ్గర గుమాస్తా పని ఉంది, ఒకటో తారీఖున చేరిపోతాను అన్నావట. తాయారు ఆ కార్డు నా చేతిలో పెట్టి, మీరు రాయకపోతే నేనే రైలెక్కి వెళ్తాను అంది. అందుకని రాస్తున్నాను.

ముందు ఒక మాట ఒప్పేసుకుంటాను. నాకు నువ్వంటే కుళ్లు. కాకినాడలో ఓవర్సీరు చదువు చదివిన రోజుల్నుంచీ ఉంది. నీకూ తెలుసు. తెలిసీ తెలీనట్టు ఉంటావు, దానికి ఇంకా మండుతుంది.

మన కాలనీ పని మొదట్లో ఎలా ఉండేదో గుర్తుందా? నెల్లిమర్ల రోడ్డు పక్కన పల్లపు పొలం, మూడొందల ఇళ్లు. రోడ్లూ కాలువలూ మీ వాళ్లవి, ఇళ్లు మా వాళ్లవి. మేం కట్టిన మెట్లు మీరు తవ్వేసేవారు, మీరు తవ్విన కాలువలో మేం ఇటుకలు దింపేవాళ్లం. ఈ రెండు పనులూ ఒకదానితో ఒకటి పొసగేలా చూడ్డానికి ఒక మనిషి కావాలని పెద్ద ఇంజనీరుగారు అన్నప్పుడు, ఆ మనిషిని నేనే అనుకున్నాను. పరీక్షలో నీకన్నా పదకొండు మార్కులు ఎక్కువ, సర్వీసులో ఏడాదిన్నర ముందు. ఆయన నీ పేరు చదివారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతి. పని నాకు రానందుకు కాదు, నీకు వచ్చినందుకు నాకు మూడు రోజులు అన్నం సయించలేదు. తాయారుతో వేడి చేసిందని చెప్పాను.

నువ్వు చెడగొడతావని ఆశపడ్డాను. చెడగొట్టలేదు. పొద్దున్న ఏడింటికి రేకుల షెడ్డు కింద కాలువల మేస్త్రీ గంగుల్నీ, మా ఇళ్ల మేస్త్రీల్నీ ఒక్కచోట కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఇవాళ ఎవరు ఎక్కడ పలుగు వేస్తారో ఒకరికొకరు చెప్పుకునేలా చేశావు. అంతే, ఇంకేం మాయ లేదు. ఆ మాత్రం నాకు తోచకూడదా అని ఇప్పటికీ అనుకుంటాను.

నాలుగో వీధిలో మా మెట్లు కాలువ గీత మీదికి రెండడుగులు వచ్చేశాయి చూడు, తప్పు నూటికి నూరుపాళ్లు నాది. అందరి ముందూ, గీతకి ముగ్గు నేనే సరిగ్గా పొయ్యలేదు అన్నావు. గంగులు నా వైపు చూసి నవ్వాడు. నువ్వు తిట్టి ఉంటే వారం రోజుల్లో మర్చిపోయేవాణ్ణి. మన్నించావు, అది ఇంకా గుచ్చుకుంటోంది.

మట్టి మోసే ఆడవాళ్ల సంగతి సరేసరి. కూర్మమ్మ జట్టు మొత్తానికి నువ్వు "మా బాబు", నేను "ఆ ఇళ్ల బాబు". సైటు మూల మనం పాతిన లెవెల్ రాయి, అన్ని ఎత్తులూ కొలవడానికి ఆధారమయిన రాయి, దానికి వాళ్లు పసుపు రాసి బొట్టు పెట్టి, పని ఎత్తుకునే ముందు దణ్ణం పెట్టుకునేవారు. తుడిపించెయ్యి అన్నాను. నువ్వు నవ్వి, ఉండనీరా, అమ్మోరయితే ఎవరూ కాలితో తన్నరు అన్నావు. ఆదివారం చర్చికి వెళ్లే నీకు లేని బాధ నాకెందుకని ఊరుకున్నాను. కానీ ఏటేటా అమ్మవారికి మొక్కు చెల్లించే నన్ను కాదని, నిన్ను సొంతం చేసుకున్నారే అని కడుపు రగిలింది.

జూన్‌లో నీకు పచ్చకామెర్లు వచ్చి పసరు మందుకి టెక్కలి వెళ్లావు. మూడు వారాలు సైటు నా చేతిలో ఉంది. సాలూరు లారీలు ఎర్రకంకర తోలాయి, పల్లమంతా ఎత్తు చేయించాను. నువ్వొచ్చి ఆ రాయి మీంచి లెవెల్ తీసి కాలువలు కట్టించావు. ఆగస్టులో ముసురు పట్టింది. కాలువలో నీళ్లు బయటికి పోవడం మాని ఇళ్లలోకి వచ్చాయి. పద్నాలుగిళ్లు. కొలిస్తే కాలువ అడుగు ఉండాల్సినదానికన్నా తొమ్మిది అంగుళాలు ఎత్తున ఉంది. మా ఇళ్లు వేసవిలోనే లేచాయి, వాటి ఎత్తు సరిగ్గానే ఉంది. విచారణలో నువ్వు ఎవరి మీదా ఒక్క మాట పెట్టలేదు. ఎక్కడ తప్పానో తెలీదు, తప్పింది మాత్రం నేనే అని కాగితం రాసిచ్చి పెట్టె సర్దుకున్నావు. అక్కడా నీదే పైచెయ్యి. తప్పు ఒప్పుకున్నవాణ్ణి సాగనంపడానికి పెద్ద ఇంజనీరుగారు బస్సు దాకా నడిచారు. నన్ను ఆయన వాకిలి దాకా కూడా ఎన్నడూ సాగనంపలేదు.

నీ పని ఇప్పుడు నేనే చూస్తున్నాను. నువ్వు చేసినట్టే ఏడింటికి టీ ఇప్పిస్తున్నాను. తాగుతారు, లేచిపోతారు. మొన్న గంగులు గ్లాసు దింపుతూ, "ఆ బాబుంటే ఈపాటికి నాలుగు నవ్వులు నవ్వుదుము" అన్నాడు. కూర్మమ్మ రోజూ ఒకటే అడుగుతుంది, "మా బాబుకి ఒల్లెలాగున్నాది? ఎప్పుడొస్తాడేటి?" అని. నువ్వు లేకుండా పోయినా నీ మీద కుళ్లు పోలేదురా. కావాలనుకున్న పని దక్కాక కూడా మనిషికి ఇలా ఉంటుందని నేననుకోలేదు.

సరే, అసలు విషయం. నౌపడ వెళ్లకు. ఉప్పు బస్తాలు లెక్కపెట్టడానికా నువ్వు చదివింది? ఎంతటివాడికయినా ఎప్పుడో ఒక లెక్క తప్పుతుంది. జరిగింది జరిగిపోయింది, మనసులోంచి తీసెయ్యి. కొన్నాళ్లు పోతే వేరే చోట వేయించమని నేను కూడా పెద్దాయనతో ఒక మాట చెప్పి చూస్తాను.

తాయారు నీకు నమస్కారాలు చెప్పమంది. అన్నమ్మగారికి నా నమస్కారములు. ఈసారయినా జవాబు రాయగలవు.

ఇట్లు,
నీ స్నేహితుడు,
నరసింగరావు

తా.క. సోమవారం సాయంత్రం. పైదంతా నిన్న రాసి కవరు అంటించేశాను. ఎంతటివాడికయినా లెక్క తప్పుతుందని ఎక్కడా ఆగకుండా నీకు బుద్ధి చెప్పేశాను. తర్వాత అది తలుచుకుంటే నాకే భయం వేసింది. కవరు చింపాను.

నీ లెక్క తప్పలేదు. ఆ పుస్తకం మూసెయ్యి.

రాయి చుట్టూ నేనొచ్చేదాకా మట్టి పొయ్యొద్దని నువ్వు మరీ మరీ చెప్పి వెళ్లావు. పోయించాను. రాయి మునిగిపోతుంటే కూర్మమ్మ జట్టు దాన్ని పెకలించి, పైకి తీసి మళ్లీ పాతింది. కొత్త కంకర చుట్టూ సర్దుకుంది, చూస్తే ఎప్పటిలాగే ఉంది. ఆ సాయంత్రం కూర్మమ్మే నా దగ్గరికొచ్చి, "అమ్మోరిని మట్టిలో కప్పీడవేటి బాబూ, ఆ పాపం ఎవులు మోస్తారు? జానెడు పైకెత్తి పెట్టినాం. మా బాబొస్తే ఓ మాట సెప్పండి" అంది. చెప్తానన్నాను. ఆ జానెడే నీకు దొరకని తొమ్మిది అంగుళాలు.

చెబుదామనే నువ్వొచ్చిన రోజు షెడ్డు దగ్గరికి వచ్చాను. అందరూ నీ చుట్టూ మూగారు. గంగులు నీకు కొబ్బరిబొండం కొడుతున్నాడు, కూర్మమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తోంది. రేపు చెబుదాంలే అని వెనక్కి తిరిగాను. మర్నాడు నువ్వు ఆ రాయి మీద లెవెల్ తీస్తుంటే పక్కనే నిలబడ్డాను. కాలువ కట్టాక ఎవరో తేడా పట్టుకుంటారు, నీ చేతే తవ్వించి మళ్లీ కట్టిస్తారు, అందరి ముందూ నీ మొహం ఎలా ఉంటుందో చూడాలనుకున్నాను. ఇళ్లు మునుగుతాయని అనుకోలేదు. విచారణలో కూలివాళ్లని ఎవరూ అడగలేదు, నేను నోరెత్తలేదు.

ఇవాళ పొద్దున్న ఇదంతా పెద్ద ఇంజనీరుగారికి రాసి సంతకం పెట్టి ఇచ్చాను. నకలు ఇందులో ఉంది. ఆయన రెండుసార్లు చదివి, నన్ను పని ఆపి ఇంటికి వెళ్లమన్నారు. నీకు ఇవాళే తంతి ఇప్పిస్తున్నారు.

వెళ్లేముందు కూర్మమ్మ దగ్గరికి పోయి, తను చెప్పమన్న మాట నీకు నేను చెప్పలేదని, దానివల్లే ఇంత జరిగిందని చెప్పాను. దుమ్మెత్తి పోస్తుందని నిలబడ్డాను. ఆమె తట్ట దింపింది. నా మొహం కూడా చూడకుండా, "అయితే మా బాబు మల్లీ వస్తాడు గదా" అంది. తిట్టడానికి కూడా నేను గుర్తు రాలేదురా.