అత్తయ్య జున్ను అడిగింది

పెడన, 1958 శ్రావణం, శుక్రవారం

ఈ రోజు అత్తయ్యకు సగం నిజమే చెప్పాను.

బందరు ఆసుపత్రిలో చేరి పన్నెండు రోజులైనా ఆవిడకు అన్నం సయించడం లేదు. "మందు మేమిస్తాం. ఇంటి దగ్గర్నుంచి రోజూ ఒక మంచి కబురు మీరు తీసుకురండమ్మా. మనసు తేలికపడితే ఆకలి అదే పుడుతుంది" అన్నారు డాక్టరుగారు. అప్పట్నుంచి రైల్లో కూర్చుని ఆ కబురు కోసమే వెతుక్కుంటున్నాను. బీరపాదుకు మొదటి పిందె పడిందని ఒకరోజు, పాప గడప దాటిందని ఇంకొకరోజు చెప్పాను. విన్నప్పుడల్లా నాలుగు ముద్దలు ఎక్కువే తినేది.

నిన్న సాయంత్రం మా గేదె ఈని చచ్చిపోయింది. దూడ మాత్రం బతికింది. ఆ గేదెను చిన్నప్పట్నుంచి పెంచింది అత్తయ్యే.

నన్ను చూడగానే, "ఈనిందా అమ్మాయ్?" అంది.

"ఈనింది అత్తయ్యా. పెయ్యదూడ. నుదుట తెల్లచుక్క ఉంది" అన్నాను. తల్లి మాట ఎత్తలేదు.

ఆవిడ లేచి కూర్చుంది. కంచంలో మెతుకు మిగల్చలేదు. నేను బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకుని, "రేపు జున్ను తీసుకురా. వార్డులో అందరికీ పెడతానని చెప్పాను" అంది.

ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, "కోలుకున్నాక చెబుదాంలే" అన్నారు. ఈలోగా ఎవరైనా చెప్పేస్తే? ఇన్నాళ్లూ నేను చెప్పిన నిజాలు కూడా కల్పనలే అనుకోదూ? దూడకు పక్కింటివాళ్ల గేదె పాలు పడుతున్నాం. సరిగా తాగడం లేదు.

రేపు ఆవిడ అన్నం తిన్నాకే చెబుదామనుకుంటున్నాను. కంచం ముందు కూర్చోగానే జున్నేదని అడిగితే...