చచ్చిన హేరోదుకు వన్స్‌మోర్

అల్లూరు,
డిసెంబరు 1966

చిరంజీవి క్రీస్తురాజుకు,

ఇందుమూలముగా సకల జనులకూ తెలియజేయడమేమనగా, నా హార్మోనియం పెట్టెలో ఎలుక పిల్లల్ని పెట్టినది. ఏ మెట్టు నొక్కినా కీచుమంటున్నది.

ఇక చిన్న వార్త. ఢిల్లీ టెలివిజన్లో పిల్లాజెల్లా చూసే క్రిస్మస్ పాటల నాటకంలో నువ్వు హేరోదు రాజువని రాసినావే, ఆ ఉత్తరం మీ నాయన ముత్యాలయ్యకు చదివి వినిపించాను. తల తిప్పుకున్నాడు. మన చర్చి నాటకంలో ఏటా హార్మోనియం నేను, హేరోదు ఆయన. పురుగులు పడి చచ్చాక కూడా జనం వన్స్‌మోర్ అంటే లేచి, పద్యం పాడి, మళ్ళీ చచ్చే మనిషి. అట్లాంటాయన్ని పట్టుకుని "చచ్చినోడు లేస్తాడా నాయనా?" అని అందరిముందూ నవ్వి రైలెక్కితివి. ఆ కోపం ఇంకా దిగలేదు. జాగ్రత్తగా చావు నాయనా!

ఇట్లు,
ఎలుకల పాలైన హజరత్తయ్య

ఢిల్లీ,
క్రిస్మస్ మర్నాడు

ప్రియమైన హజరత్తన్నకు,

పరువు పోయిందన్నా. నిన్న సాయంత్రం పద్యం పాడి చచ్చాను. గదినిండా కెమెరాలు, దీపాల వేడి. చప్పట్లు లేవు, ఈల లేదు. ఆ నిశ్శబ్దం భరించలేక లేచి మళ్ళీ పాడేశాను, అదంతా అప్పటికప్పుడే ప్రసారమైపోయింది! డైరెక్టరు తల పట్టుకున్నాడు. ఇంక పిలవరు. నాయనకు చెప్పొద్దు. ఈస్టరుకు ఇంటికి రావాలనుంది, గడప తొక్కనిస్తాడా?

నీ తమ్ముడు,
క్రీస్తురాజు

అల్లూరు,
జనవరి

ఒరే రెండుసార్లు చచ్చినోడా,

ఆ క్రిస్మస్ సాయంత్రం మీ నాయన చర్చి ముందర నిలబడి, ఢిల్లీ దిక్కుకు తిరిగి "వన్స్‌మోర్!" అని గొంతు చించుకున్నాడు. నీకు వినబడే లేచినావు. ఆయనకే రాయి.

హజరత్తయ్య

ఢిల్లీ,
జనవరి

ప్రియమైన నాయనకు,

మీరు వన్స్‌మోర్ అన్నారట. ఆ రోజు నవ్వినందుకు సిగ్గుపడుతున్నాను. చచ్చినోడు ఎందుకు లేస్తాడో ఇప్పుడు తెలిసింది. ఈస్టరుకు రానా?

మీ కొడుకు,
క్రీస్తురాజు

అల్లూరు,
ఫిబ్రవరి

చిరంజీవి క్రీస్తురాజుకు,

మీ నాయనకు రాసిన ఉత్తరమూ నేనే చదివినాను. "నేనెప్పుడు అరిచినాన్రా?" అని నా వైపు గుడ్లురిమినాడు. నేను ఎలుకల్ని చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి గొంతు సవరించుకుని, "ఏందో... వన్స్‌మోర్" అన్నాడు. మళ్ళీ చదివినాను. "వన్స్‌మోర్." నా గొంతు పోయిందిరా! చివరికి ఆ కాగితం తన చేత్తోనే తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. "హేరోదు కిరీటం కాస్త వదులు చెయ్యాల, వాడి తల పెద్దది" అంటున్నాడు. రైలెక్కు.

అన్నట్టు, ఆ క్రిస్మస్ సాయంత్రం మీ నాయన జ్వరమని దుప్పటి ముసుగేసి పడుకున్నాడు. చర్చి ముందర కేక నేను అల్లిందే.

ఇట్లు,
హజరత్తయ్య