సొహేర్ సామాను జాబితా

వగ్దీకి,
నాన్న దీవెనలు.

పెళ్లి భోజనాలు కాగానే కొడుకు చేత సంతకం పెట్టిస్తానని మీ షఫీక్ బాబాయి నాకు మాట ఇచ్చి ముప్ఫై ఏళ్లయింది. ఆ భోజనాలు ఇంకా పూర్తయినట్టు లేదు. ఇది ముందు రాసి క్షేమ సమాచారం తర్వాత రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. ఇక్కడ అందరం బతికే ఉన్నాం. మీ అమ్మకు మోకాళ్లు పట్టేస్తున్నాయి. నాకు ఒక కన్ను మసకబారింది, చదవడానికి రెండోది చాలు. నీ కొడుకు మాజిన్ మా దగ్గర వేళకు తింటున్నాడు. నువ్వు కువైట్ నుంచి పంపిన మందులు అందాయి. ఫోన్లో నన్ను మాట పూర్తి చేయనివ్వవు కనుక రాస్తున్నాను.

నీ ఉత్తరంలో రెండు అడిగావు. మాజిన్ పెళ్లికి హాలు కుదిరింది. ఇక రెండోది. పెళ్లికూతురు రిహాబ్ తండ్రి హాజీ మెత్వల్లిని కలిసి, సామాను జాబితా మీద మాజిన్ సంతకం అడగవద్దని నచ్చజెప్పమన్నావు. "మన కుటుంబం మాట చాలదా? ఇది మనకు అవమానం" అని రాశావు. ఈ మాటలు నేను ఇంతకు ముందే విన్నాను.

నీ చెల్లెలు సొహేర్ సామాను బండ్ల మీద వీధి వీధంతా చూస్తుండగా షఫీక్ ఇంటికి వెళ్లింది. చెక్కడపు మంచం, అద్దాల బీరువా, రాగి గిన్నెలు, కుట్టుమిషను. "ఇవన్నీ ఆమెవి, అడిగిన రోజు అప్పగిస్తాను" అని పెళ్లికొడుకు జాబితా కింద సంతకం చేశాకే పిల్ల తండ్రి నికా ఖాయం చేస్తూ రుమాలు కింద అతనితో చెయ్యి కలపాలి. కలిపాక ఎవడూ సంతకం పెట్టడు. దమియెత్తాలో గాడిదబండి తోలేవాడికి కూడా తెలిసిన సంగతి. చట్టాలూ చరిత్రలూ చదివిన నేను ముందు చెయ్యి కలిపాను. ఎందుకు కలిపానో చివర రాస్తాను.

షఫీక్ కొడుకు జకీ రెండో పెళ్లాన్ని తెచ్చుకున్నప్పుడు, వచ్చెయ్యమని సొహేర్‌ను బతిమాలాను. "నా మంచం మీద ఆవిడ పడుకుంటోంది నాన్నా. నేను గడప దాటితే గరిటె కూడా నాది కాదు" అంది. సంతకం ఉన్న కాగితం ఉంటే, సామాను ఇవ్వనివాడికి జైలే కనుక జకీ భయపడి అన్నీ తిరిగి ఇచ్చేవాడు. లేదు కనుక తన సామానుకు తానే కాపలాగా వంటింట్లో చాప మీద పడుకుంది. ఆ చలికాలంలోనే నెమ్ము చేసి పోయింది. ఆఖరి స్నానం చేయించడానికి వెళ్లిన మీ అమ్మకు ఆమె మెడలో దారానికి బీరువా తాళంచెవి కనిపించింది. జకీ ఆ తాళం ఎప్పుడో మార్చేశాడు.

ఇక ఇంతసేపూ దాచిన మాట. నిన్న మాజిన్‌ను వెంటబెట్టుకుని మెత్వల్లి ఇంటికి వెళ్లాను. ఆయన టీ పోయిస్తూ నవ్వాడు.

"ఏం మాస్టారూ, బేరానికొచ్చారా? మా నాన్న పుస్తకాల మనిషి, మీకు నాలుగు మంచి మాటలు చెప్తాడని మీ అబ్బాయి ఫోన్ చేశాడు."

"నాలుగెందుకు, ఒక్కటి చాలు. సంతకం పడకుండా చెయ్యి కలపకు హాజీ" అన్నాను.

మాజిన్ కలం పట్టుకుని, నాన్న ఊరుకోడు తాతయ్యా అని నసిగాడు. మీ నాన్నకు నేను రాస్తాలే అన్నాను. సంతకం పెట్టాడు. సాక్షి సంతకం నాది. నువ్వు కోప్పడి పెళ్లికి రాకపోయినా సరే, ఆ కాగితం ఇప్పుడు రిహాబ్ దగ్గర ఉంది.

షఫీక్ పిసినారి, వాడి మాట మీద నాకు ఏనాడూ ఆశ లేదు. జకీ తండ్రికి తగ్గ కొడుకు. ఆ రోజు నికా చేయించే షేక్ రుమాలు పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. ముందు సంతకం కావాలని నేను పట్టుబట్టాను. అప్పుడు షఫీక్ కార్ఖానాలో కొత్తగా చేరిన ఒక కుర్రవాడు నా చేతిలోంచి జాబితా లాక్కుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మన కుటుంబం మాట చాలదా నాన్నా? ఇది మనకు అవమానం" అన్నాడు. ఊరంతా చూస్తోంది. చెయ్యి కలిపాను. మరుసటి నెల కార్ఖానాలో అతనికి మేనేజరు కుర్చీ వేశారు.

ఆ కాగితం నాకు తిరిగి రాలేదు. నా నింద ఈనాటికీ నీ మీదే, వగ్దీ.

ఇట్లు,
సొహేర్ తండ్రి