రైలు కోసం ఆగిన పద్యం

నాయనా,

నువ్వు పోయి ఏడాదైంది. మన నాటక సమాజం ఇక మూతపడుతుందనుకున్నారు అందరూ. ఇన్నేళ్ళూ నేర్పావే గాని, నన్ను స్టేజీ మీద కూర్చోనివ్వలేదు నువ్వు. ఇప్పుడు నీ హార్మోనియం నేనే వాయిస్తున్నాను. ఏడాదంతా రిహార్సల్సు చేసి, నిన్న తిరుపతిలో నాటకం ఆడాం.

పాకాల స్టేషను పక్కన మన రిహార్సల్సులో, రాజు పద్యం సగంలో ఉండగా రోజూ రైలు కూత పెట్టేది కదా. "రైలుతో మనకేం పోటీ అబ్బా, దాన్ని పోనీ" అని పద్యం ఆపించి, అది వెళ్ళేదాకా నువ్వు ఒట్టి రాగం వాయించేవాడివి.

నిన్న ఆ హాల్లో ఏ రైలూ వినపడలేదు. అయినా రాజు వేషంలో ఉన్న మునిరత్నం మామ అలవాటుగా సరిగ్గా అక్కడే ఆగిపోయాడు. నా వేళ్ళు కూడా అలవాటుగానే రాగం అందుకున్నాయి. అదంతా మా పనితనమే అనుకుని జనం వన్స్‌మోర్ కొట్టారు.

మామ నా వైపు వంగి, "మళ్ళా ఆ రైలు కాడనే ఆపేదా పాపా?" అని అడిగాడు.

"ఆపు మామా. నాయనుంటే ఆపించేవాడు గదా" అన్నాను.

మామ ఆగాడు. లేని రైలు స్టేషను దాటేదాకా వాయించాను.